మెదడు, నరాల జబ్బులు, దెబ్బలు: ఇంట్లోవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మెదడుకో, వెన్నుపాముకో, నరాలకో ఏదైనా జరిగినప్పుడు డాక్టరుకన్నా ముందు చూసేది పక్కనున్న మనుషులే. లోపల ఏం జరుగుతోందో బయటికి కనపడదు. చెయ్యి జారడం, మాట తడబడడం, చూపు ఒక్క క్షణం నిలిచిపోవడం లాంటి చిన్న గుర్తులే కనపడతాయి. వాటిని పట్టుకుని, ఎప్పుడు మొదలైందో, ఏ వైపు వచ్చిందో చెప్పగలిగిన మనిషి ఇంట్లో ఉంటే రోగికి ఎంతో మేలు. ఈ పేజీ అలాంటివాళ్ల కోసం. ఇది తెలుసుకోవడానికే. దీన్ని చదివి సొంతంగా మందులు మొదలుపెట్టొద్దు, వాడుతున్నవి మానొద్దు.

పక్షవాతం అని ఇంట్లోనే ఎలా గుర్తుపట్టాలి?

ముఖం, చెయ్యి, మాట. ఈ మూడూ చూడండి. నవ్వమంటే మూతి ఒక పక్కకే లాగుతోందా? రెండు చేతులూ ముందుకి చాచి, అరచేతులు పైకి పెట్టి, కళ్లు మూసుకుని పది లెక్కపెట్టేదాకా అలాగే ఉంచమనండి. ఒక చెయ్యి లోపలికి తిరుగుతూ మెల్లగా కిందికి జారిపోతుంటే ఆ వైపు బలం తగ్గినట్టే. తన చెయ్యి జారుతోందని రోగికి తెలియకపోవచ్చు కూడా. తర్వాత ఒక చిన్న వాక్యం చెప్పమనండి. మాట ముద్దగా వస్తున్నా, ఒకటి అడిగితే ఇంకొకటి చెబుతున్నా, అసలు మాటే రాకపోయినా అనుమానించాలి.

మూడూ కలిసి రావాలనేం లేదు. ఒక్కటి ఉన్నా బయల్దేరాల్సిందే. ఉన్నట్టుండి ఒక కంటి చూపు పోవడం, వస్తువులు రెండుగా కనపడడం, నిలబడలేనంతగా తూలడం కూడా పక్షవాతమే కావచ్చు. అసలు చిక్కేమిటంటే, చాలామందికి నొప్పి ఉండదు. గుండెల్లో నొప్పి అంటే అందరూ పరుగెడతారు. నొప్పి లేకుండా చెయ్యి చచ్చుబడితే మాత్రం "కాసేపు పడుకుంటే అదే పోతుందిలే" అనుకుంటారు. ఆ కాసేపట్లోనే అంతా అయిపోతుంది.

అంత తొందర ఎందుకు? మర్నాడు పొద్దున్నే వెళ్తే కాదా?

కాదు. పక్షవాతాల్లో సుమారు 85 శాతం రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం వల్ల వస్తాయి. మిగతావి రక్తనాళం చిట్లి వస్తాయి. మెదడు బరువు శరీరం మొత్తంలో 2 శాతమే అయినా, శరీరం వాడుకునే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే పోతుంది. దాచిపెట్టుకోవడం దానికి చేతకాదు, రక్తం ఆగితే వెంటనే కణాలు చనిపోవడం మొదలవుతుంది. పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి 19 లక్షల న్యూరాన్లు (మెదడు కణాలు) పోతాయని 2006లో ఒక అంచనా కట్టారు.

గడ్డని కరిగించే ఇంజెక్షన్ పనిచేస్తుందని 1995లో తేలింది. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు అది ఇవ్వాలి. ఆ వ్యవధిలో కూడా మొదటి గంటలో ఇచ్చినదానికీ నాలుగో గంటలో ఇచ్చినదానికీ ఫలితంలో చాలా తేడా ఉంటుంది. పెద్ద నాళంలో గడ్డ ఉంటే, తొడ దగ్గర నుంచో మణికట్టు దగ్గర నుంచో సన్నని గొట్టం పంపి దాన్ని బయటికి లాగేస్తారు. స్కానింగ్‌లో ఇంకా కాపాడుకోదగ్గ మెదడు ఉందని కనపడితే, కొందరికి 24 గంటల దాకా ఈ పని చేయొచ్చు. అందుకే ఆలస్యమైపోయిందని మీకు మీరే తీర్మానించుకుని ఇంట్లో కూర్చోవద్దు.

డాక్టరు అడిగే మొదటి ప్రశ్న "చివరిసారి బాగా ఉండగా ఎప్పుడు చూశారు?" అని. రాత్రి 10 గంటలకి మామూలుగా మాట్లాడి పడుకున్న మనిషి పొద్దున 6 గంటలకి మూతి వంకరతో లేస్తే, లెక్క 10 నుంచే మొదలవుతుంది. ఆ టైము ఒక కాగితం మీద రాసుకోండి. టెన్షన్‌లో ఎంత తెలివైనవాళ్లయినా మర్చిపోతారు.

ఆస్పత్రికి చేరేలోపు ఏమైనా మందు ఇవ్వొచ్చా?

ఏమీ ఇవ్వొద్దు. ఆస్పిరిన్ కూడా ఇవ్వొద్దు. గడ్డ వల్ల వచ్చిందా, రక్తస్రావం వల్ల వచ్చిందా అన్నది సీటీ స్కాన్ తీస్తే తప్ప బయటి నుంచి ఎవరూ చెప్పలేరు. రక్తస్రావం అయితే ఆస్పిరిన్ ఇంకా హాని చేస్తుంది. బీపీ ఎక్కువగా ఉందని ఇంట్లో బీపీ మాత్ర వేసేయడం కూడా తప్పే. గడ్డ అడ్డుపడినప్పుడు మెదడుకి ఆ కాస్త రక్తమైనా అందడానికి శరీరం బీపీని పెంచుకుని ఉండొచ్చు. నీళ్లు కూడా తాగించొద్దు. గొంతు కండరాలు బలహీనపడి ఉంటే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

చేయాల్సినవి వేరే ఉన్నాయి. ఇంట్లో మెషిన్ ఉంటే షుగర్ చూడండి. షుగర్ బాగా పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే కనపడుతుంది. మగతగా ఉంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. వాడుతున్న మందుల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకోండి. ముఖ్యంగా రక్తం పలుచన చేసే మందు వాడుతున్నట్టయితే అది ముందే చెప్పాలి. ఇక ఏ ఆస్పత్రి అన్నదానికి ఒకటే కొలత: రాత్రీపగలూ సీటీ స్కాన్ ఉండి, గడ్డ కరిగించే వైద్యం చేసేది. దగ్గర్లో ఉందని అది లేని చోటికి వెళ్తే, అక్కణ్ణించి మళ్లీ ఇంకో చోటికి మారడంలోనే సమయమంతా పోతుంది.

పది నిమిషాల్లో చెయ్యి మామూలైపోయింది. ఇంకా వెళ్లాలా?

తప్పకుండా, అదే రోజు. గడ్డ వచ్చి తనంతట తాను కరిగిపోయినప్పుడు ఇలా జరుగుతుంది. దాని తర్వాత అసలు పక్షవాతం వచ్చే ప్రమాదం మొదటి 48 గంటల్లోనే ఎక్కువ. అదృష్టం బాగుండి ముందే హెచ్చరిక వచ్చిందనుకోండి, దాన్ని వదులుకోవద్దు.

మూతి మాత్రమే వంకరపోయింది, చేతులూ కాళ్లూ బాగానే ఉన్నాయి. ఇదీ పక్షవాతమేనా?

ముఖానికి వెళ్లే నరం ఒక్కటే వాచి ఇలా కావచ్చు. దాన్ని బెల్స్ పాల్సీ అంటారు. తేడా నుదుటి దగ్గర తెలుస్తుంది. కనుబొమలు పైకెత్తమనండి. నరం వాపు అయితే ఆ పక్క నుదుటి మీద ముడతలు పడవు, కన్ను కూడా సరిగ్గా మూసుకోదు. మెదడులో సమస్య అయితే మూతి వంకరపోయినా నుదురు మామూలుగానే ముడత పడుతుంది. అయినా ఈ పరీక్ష మీద ఆధారపడి ఇంట్లో ఉండిపోవద్దు, డాక్టరే తేల్చాలి. బెల్స్ పాల్సీకి స్టెరాయిడ్ మాత్రలు 72 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తాయి. మూసుకోని కన్ను ఎండిపోకుండా చుక్కల మందు వేయాలి, రాత్రిపూట దాన్ని మూసి ఉంచాలి. చాలామందికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో పూర్తిగా తగ్గిపోతుంది.

కుడి చెయ్యి పడిపోయింది, మాట కూడా పోయింది. మేం మాట్లాడేది అర్థమవుతోందా?

చాలాసార్లు అర్థమవుతుంది. మెదడు ఎడమ సగం శరీరం కుడి పక్కని నడిపిస్తుంది. ఎక్కువమందిలో భాష కూడా ఎడమ సగంలోనే ఉంటుంది. అందుకే కుడి చెయ్యీ, మాటా కలిసి పోతుంటాయి. పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు 1861లో ఒక రోగిని చూశాడు. ఏమడిగినా ఆ రోగి "టాన్, టాన్" అనే అనేవాడు. కానీ ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు గ్రహించేవాడు. చనిపోయాక చూస్తే మెదడు ఎడమ పక్క ముందుభాగం దెబ్బతిని ఉంది. తర్వాత 1874లో కార్ల్ వెర్నికే దీనికి వేరైన రకాన్ని వివరించాడు. ఆ రకంలో మాటలు గలగలా వస్తాయి గానీ అర్థం ఉండదు, ఎదుటివాళ్ల మాటలూ సరిగ్గా అర్థం కావు.

మాట పోయినంత మాత్రాన బుద్ధి పోయినట్టు కాదు. ఇది మాత్రం ఇంటిల్లిపాదీ గుర్తుపెట్టుకోవాలి. మంచం పక్కనే నిలబడి ఆయన గురించి ఆయన వినట్లేదన్నట్టు మాట్లాడుకోవడం నాకు చాలా బాధగా అనిపిస్తుంది. టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని, ఒకసారికి ఒకే చిన్న వాక్యం చెప్పండి. "ఏం కావాలి?" అనకుండా "నీళ్లు కావాలా?" అని అడగండి, తలూపితే చాలు. మాట కోసం వెతుక్కుంటుంటే మీరు అందించేయకుండా కాసేపు ఆగండి. అరిచి చెప్పాల్సిన పనిలేదు, చెవులకేం కాలేదు. మాట రానివాళ్లు కొందరు తెలిసిన పాట అందుకుంటే పదాలతో సహా పాడగలరు. స్పీచ్ థెరపీలో దీన్ని కూడా వాడుకుంటారు.

తలకి దెబ్బ తగిలింది. సీటీ నార్మల్ అన్నారు. అయినా తలనొప్పి, చిరాకు తగ్గట్లేదేం?

సీటీలో రక్తం, ఎముక విరగడం, వాపు కనపడతాయి. మెదడు అదురు అందులో కనపడదు. పుర్రె లోపల మెదడు ఒక్క ఊపున కదిలినప్పుడు కణాల పనితీరు కొన్నాళ్లు గాడి తప్పుతుంది. తలనొప్పి, వెలుతురు పడకపోవడం, నిద్ర పట్టకపోవడం, చదివింది ఎక్కకపోవడం, చిన్నదానికే కోపం రావడం ఇవన్నీ దానివల్లే. పెద్దవాళ్లలో ఎక్కువమందికి రెండు వారాల్లో, పిల్లలకి నాలుగు వారాల్లోపు తగ్గుతాయి. ఇదివరకు చీకటి గదిలో రోజుల తరబడి పడుకోమనేవారు. ఇప్పుడు అలా చెప్పట్లేదు. మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి తీసుకుని, తర్వాత నడక లాంటి తేలికపాటి పనులతో మెల్లగా మొదలుపెట్టాలి. ఆటగాళ్లయితే లక్షణాలు పూర్తిగా పోయి, డాక్టరు ఒప్పుకునేదాకా మైదానంలోకి దిగకూడదు. మొదటి అదురు మానకముందే రెండోది తగిలితే ప్రాణం మీదికి రావొచ్చు.

తలకి దెబ్బ తగిలినవాళ్లని నిద్రపోనివ్వకూడదంటారు, నిజమా?

డాక్టరు చూసి ఇంటికి పంపితే నిద్రపోవచ్చు, నిద్ర అవసరం కూడా. ఈ భయం ఎందుకు వచ్చిందంటే, పుర్రెకీ మెదడు పైపొరకీ మధ్య రక్తం చేరినప్పుడు కొందరు ముందు స్పృహ తప్పి, తర్వాత లేచి మామూలుగా మాట్లాడి, కొన్ని గంటలకి మళ్లీ మగతలోకి జారిపోతారు. ఆ మధ్యలో బాగున్నట్టు కనపడటమే మోసం చేస్తుంది. కాబట్టి మొదటి 24 గంటలు ఎవరో ఒకరు తోడుండాలి. వాంతులు ఆగకపోవడం, తలనొప్పి పెరుగుతూ పోవడం, లేపితే లేవకపోవడం, ఒక కంటి పాప పెద్దదవడం, ఫిట్స్, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్లలాంటి ద్రవం కారడం, చెయ్యో కాలో బలహీనపడటం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

పెద్ద వయసువాళ్ల సంగతి వేరు. వయసుతో మెదడు కాస్త కుంచించుకుపోయి ఉంటుంది, చిన్న దెబ్బకే సన్నని సిరలు తెగి రక్తం చాలా మెల్లగా ఊరుతుంది. తలుపు తగిలిందని ఎవరూ పట్టించుకోని దెబ్బకి మూడు నాలుగు వారాల తర్వాత తడబాటు, మతిమరుపు, నడకలో తేడా మొదలవుతాయి. వయసు వల్లే అనుకుంటారు. రక్తం పలుచన చేసే మందులు వాడేవాళ్లకి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. దీన్ని కనిపెడితే చిన్న ఆపరేషన్‌తో రక్తం తీసేస్తారు, మనిషి మళ్లీ మామూలవుతాడు. అందుకే ఇటీవల ఎప్పుడైనా పడ్డారా అన్నది గుర్తుచేసుకుని డాక్టరుకి చెప్పాలి.

కోమా స్కోరు 8 అన్నారు. అంటే ఏమిటి?

గ్లాస్గోలో ఇద్దరు డాక్టర్లు, టీస్‌డేల్, జెనెట్, 1974లో తయారుచేసిన కొలత అది. కళ్లు తెరవడానికి 4, మాటకి 5, కదలికకి 6, మొత్తం 15. అన్నిటికన్నా తక్కువ 3, సున్నా ఉండదు. 13 నుంచి 15 దాకా తేలికపాటి దెబ్బ, 9 నుంచి 12 మధ్యస్థం, 8 లేదా అంతకన్నా తక్కువ అయితే తీవ్రం. ఒక్కరోజు అంకె కన్నా అది పెరుగుతోందా, తగ్గుతోందా అన్నదే ముఖ్యం. డాక్టర్ని అదే అడగండి.

కోమా, బ్రెయిన్ డెత్ ఒకటి కావు. కోమాలో ఉన్నవాళ్లు కొన్ని వారాల్లో దాన్నుంచి బయటపడవచ్చు. బ్రెయిన్ డెత్ అంటే మెదడు కాండంతో సహా అంతా శాశ్వతంగా ఆగిపోయినట్టు, వెంటిలేటర్ తీస్తే ఊపిరి ఉండదు. అది మరణమే. కొందరు కోమా తర్వాత కళ్లు తెరుస్తారు గానీ తమ చుట్టూ ఏం జరుగుతోందో తెలిసినట్టు ఉండరు. అది మూడో స్థితి. అందులో కోలుకునే అవకాశం దెబ్బ ఎలాంటిది, ఎన్ని నెలలైంది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

యాక్సిడెంట్ తర్వాత మనిషి స్వభావమే మారిపోయింది. కావాలని చేస్తున్నారా?

ఇది అడగడానికి చాలామంది మొహమాటపడతారు. ఎంతో నెమ్మదస్తుడు ఇప్పుడు పిల్లల మీద విసుక్కుంటాడు, నలుగురిలో అనకూడని మాట అనేస్తాడు, మొదలుపెట్టిన పని పూర్తిచేయడు. లేదా దేనిమీదా ఆసక్తి లేకుండా రోజంతా కూర్చుంటాడు. బయటివాళ్లకి మాత్రం గాయం మానిపోయి బాగున్నట్టే కనపడతాడు.

దీనికి పాత ఉదాహరణ ఫినియస్ గేజ్. 1848 సెప్టెంబర్ 13న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో రైలు మార్గం కోసం బండ పేలుస్తుండగా, సుమారు మూడున్నర అడుగుల ఇనుప కడ్డీ అతని ఎడమ చెంప కింద నుంచి దూరి నడినెత్తి మీదుగా బయటికి వచ్చింది. వయసు 25. బతికాడు, నడిచాడు, మాట్లాడాడు. కానీ మెదడు ముందుభాగం దెబ్బతినడంతో, బాధ్యతగల మేస్త్రీగా పేరున్నవాడు మాట నిలకడ లేనివాడయ్యాడని, మునుపటి గేజ్ కాడని స్నేహితులు అనుకున్నారని అతన్ని చూసిన డాక్టరు రాశాడు. ఈ కథని చాలామంది అక్కడే ఆపేస్తారు. తర్వాతి సంగతి నాకు ఇంకా విలువైనదిగా తోస్తుంది. అతను చిలీ దేశం వెళ్లి, ఏళ్ల తరబడి ప్రయాణికుల గుర్రపుబండి తోలే పని చేశాడు. రోజూ ఒకే వేళకి, ఒకే దారిలో, ఒకే క్రమంలో సాగే పని. ఆ క్రమమే అతన్ని కొంత నిలబెట్టి ఉంటుందని తర్వాతి పరిశోధకులు భావించారు.

ఇంట్లో మీరు చేయగలిగింది కూడా అదే. నిద్ర, భోజనం, స్నానం, నడక రోజూ ఒకే వేళకి జరిగేలా చూడండి. గోల, జనం తగ్గించండి. కోపం వచ్చినప్పుడు వాదనకి దిగకుండా గది మార్చండి. నువ్వు మారిపోయావని ఎత్తిపొడిస్తే ఆ మనిషికి పనికొచ్చేది ఏమీ ఉండదు. కావాలని చేస్తున్నది కాదు, తనని తాను ఆపుకునే భాగమే దెబ్బతింది. మెదడు దెబ్బతో వచ్చే ప్రవర్తన మార్పులని చూసే న్యూరోసైకాలజిస్టు సాయం దొరికితే తప్పక తీసుకోండి.

ఫిట్స్ వచ్చినప్పుడు ఏం చేయాలి?

ముందు వాచీ చూడండి. చాలా ఫిట్స్ ఒకటి రెండు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి. తల కింద మెత్తనిదేదైనా పెట్టి, చుట్టూ ఉన్న గట్టి వస్తువులు జరిపి, మెడ దగ్గర గుండీలు వదులు చేయండి. కొట్టుకోవడం ఆగగానే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు. స్పూను పెడితే పళ్లు విరుగుతాయి, వేలు పెడితే మీ వేలు తెగుతుంది. నాలుక మింగేస్తారన్నది వట్టి అపోహ. గట్టిగా అదిమిపట్టినా, నీళ్లు చల్లినా ఫిట్ ఆగదు.

ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా, గర్భిణి అయినా, నీళ్లలో ఉండగా వచ్చినా, అదే మొదటిసారి అయినా అంబులెన్స్ పిలవండి. వీలైతే ఇంకొకరిని వీడియో తీయమనండి. డాక్టరుకి ఆ అర నిమిషం వీడియో మీ పది నిమిషాల వర్ణన కన్నా ఎక్కువ చెబుతుంది. కళ్లు ఎటు తిరిగాయి, ఏ చెయ్యి ముందు మొదలైంది అన్నవి అందులో కనపడేలా చూడండి.

అన్ని ఫిట్స్‌లోనూ పడి కొట్టుకోరు. పిల్లలు పది సెకన్లు అలా శూన్యంలోకి చూస్తూ ఉండిపోయి, మళ్లీ ఏమీ జరగనట్టు రాసుకుంటుంటే పరధ్యానం అని తిడతారు. అదీ ఫిట్ కావచ్చు.

మూర్ఛ మందులు జీవితాంతం వాడాలా?

అందరికీ అక్కర్లేదు. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ ఉంది. సరైన మందు పడితే వీళ్లలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరు. రెండేళ్లో అంతకన్నా ఎక్కువో ఫిట్స్ లేకపోతే కొందరికి డాక్టరు మెల్లగా తగ్గిస్తూ ఆపుతారు. మీరే ఒక్కసారిగా ఆపేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణాపాయం కావొచ్చు. నిద్ర చెడటం, మాత్ర మర్చిపోవడం, మద్యం, జ్వరం ఫిట్‌ని పిలుస్తాయి. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు ముందే డాక్టరుతో మాట్లాడాలి. వాల్‌ప్రోయేట్ అనే మందు కడుపులో బిడ్డకి హాని చేస్తుంది, దాని బదులు వేరేది సూచిస్తారు. మూర్ఛ ఉన్నవాళ్లు చదువుకోవచ్చు, ఉద్యోగం చేయొచ్చు, పెళ్లి చేసుకోవచ్చు. అది అంటువ్యాధి కాదు.

మెడకో వెన్నుకో దెబ్బ తగిలినట్టు అనుమానం ఉంటే?

మంటలు, నీటి ప్రవాహం లాంటి ప్రమాదం లేకపోతే కదపొద్దు. తలని అటూ ఇటూ తిరగనివ్వకుండా రెండు చేతులతో పట్టుకుని అంబులెన్స్ కోసం ఆగండి. చేతులో కాళ్లో పట్టి ఎత్తుకెళ్తే, విరిగిన ఎముక కదిలి మిగిలిన వెన్నుపాముని కూడా దెబ్బతీస్తుంది. మెడ పైభాగంలో దెబ్బ తగిలితే ఊపిరి కూడా ఆగిపోవచ్చు. ఊపిరిని నడిపే డయాఫ్రంకి వెళ్లే నరం మెడలో వెన్నుపాము మూడు, నాలుగు, ఐదు స్థాయిల నుంచి వస్తుంది. ఊపిరి ఆగితే మెడ సంగతి తర్వాత, ముందు ఊపిరి చూడాలి.

తెగిన నరం మళ్లీ పెరుగుతుందా?

చేతుల్లో, కాళ్లలో ఉండే నరాలు పెరుగుతాయి. రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు. మోచేతి దగ్గర తెగిన నరాన్ని కుట్టాక, అది 30 సెంటీమీటర్ల దూరంలోని వేళ్ల దాకా చేరడానికి పది నెలలు పడుతుంది. ఆపరేషనై మూడు నెలలైనా వేలు కదల్లేదని బెంగపడేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి. ఈలోపు కీళ్లు బిగుసుకుపోకుండా రోజూ కదిలిస్తూ ఉండాలి, లేకపోతే నరం చేరేసరికి వేలు వంగదు. స్పర్శ లేని వేళ్లకి కాలినా తెలియదు, వేడి గిన్నెల దగ్గర జాగ్రత్త.

మెదడులోనూ వెన్నుపాములోనూ తెగిన తీగలు అలా పెరగవు. అక్కడి మచ్చకణజాలం, కొన్ని రసాయనాలు పెరుగుదలని అడ్డుకుంటాయి. వెన్నుపాము పూర్తిగా తెగకపోతే మాత్రం మిగిలిన తీగలతో చాలా తిరిగి రావచ్చు. మూలకణాలతో నడిపిస్తామని డబ్బు అడిగేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. వెన్నుపాము దెబ్బని అలా పూర్తిగా నయం చేస్తుందని రుజువైన వైద్యం ఇంకా లేదు. ఆ డబ్బు మంచి వీల్‌చైర్‌కీ, దిండుకీ, ఫిజియోథెరపీకీ పెట్టండి.

కాళ్లు పడిపోయిన మనిషిని ఇంట్లో చూసుకునేటప్పుడు అన్నిటికన్నా ముఖ్యం ఏమిటి?

చర్మం, మూత్రం. 1940ల దాకా వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు ఎక్కువగా పడక పుండ్లతోనూ, మూత్రం ఇన్ఫెక్షన్లతోనూ చనిపోయేవారు. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్‌లో లుడ్విగ్ గట్‌మన్ అనే డాక్టరు ఒక విభాగం మొదలుపెట్టి, రోగులని రాత్రీపగలూ రెండేసి గంటలకి పక్కకి తిప్పించాడు. పుండ్లు తగ్గాయి, మనుషులు బతికారు. 1948లో వాళ్లకే విలువిద్య పోటీలు పెట్టాడు, అవే పెరిగి పెరిగి 1960 నాటికి పారాలింపిక్స్ అయ్యాయి. అంతటికీ మొదలు రెండు గంటలకోసారి తిప్పడమే.

మంచంలో ఉంటే రెండేసి గంటలకి తిప్పండి. వీల్‌చైర్‌లో ఉంటే పదిహేను, ముప్పై నిమిషాలకోసారి బరువు మార్చుకోవాలి. రోజూ పొద్దున, రాత్రి పిరుదులు, నడుం కింది ఎముక, మడమలు అద్దంతో చూడండి. వేలితో నొక్కి తీసినా తెల్లబడని ఎర్రటి మచ్చ కనిపిస్తే అది పుండుకి మొదలు, ఆ చోట బరువు పడనివ్వొద్దు.

ఛాతీ మధ్యకి పైన దెబ్బ తగిలినవాళ్లలో ఇంకో ప్రమాదం ఉంది. ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రబడి చెమటలు, బీపీ ఒక్కసారిగా పెరగడం. వెంటనే కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, కేథటర్ (మూత్రం బయటికి పోయే గొట్టం) ట్యూబు మడతపడిందేమో చూడండి. చాలాసార్లు నిండిన మూత్రాశయమే కారణం. తగ్గకపోతే అత్యవసరంగా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

నడుం నొప్పి కాలిలోకి లాగుతోంది. ఎప్పుడు భయపడాలి?

డిస్క్ నొక్కుడు వల్ల వచ్చే నొప్పి ఎక్కువమందికి కొన్ని వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. కానీ మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ తొడల మధ్య మొద్దుబారడం, రెండు కాళ్లూ బలహీనపడటం ఉంటే ఒక్క రాత్రి కూడా ఆగొద్దు. నరాల కట్ట నలుగుతోంది. ఆలస్యమైతే మూత్రం మీద అదుపు ఎప్పటికీ తిరిగి రాకపోవచ్చు.

కాళ్లలో తిమ్మిరి మొదలై, నీరసం పైకి పాకుతోంది. ఏమిటిది?

గియాన్-బారే సిండ్రోమ్ కావచ్చు. విరేచనాలో, జలుబో తగ్గిన ఒకటి నుంచి మూడు వారాలకి, శరీరపు రోగనిరోధక శక్తి పొరపాటున నరాల మీదే పడుతుంది. కొన్ని రోజుల్లో కాళ్ల నుంచి చేతులకి, ఒక్కోసారి ఊపిరి కండరాలకి పాకుతుంది. అందుకే నడవగలుగుతున్నా ఆస్పత్రిలో ఉంచుతారు. ఇమ్యునోగ్లోబులిన్ (యాంటీబాడీల మందు) ఎక్కిస్తారు, లేదా ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) మార్పిడి చేస్తారు. కోలుకోవడానికి నెలలు పట్టినా, చాలామంది మళ్లీ నడుస్తారు.

చేతులు వణికితే పార్కిన్సన్సేనా?

ఎప్పుడు వణుకుతుందో చూడండి. చెయ్యి ఒళ్లో ఊరికే పెట్టుకున్నప్పుడు వణికి, పని చేసేటప్పుడు తగ్గితే పార్కిన్సన్స్ అనుమానించాలి. గ్లాసు ఎత్తినప్పుడు, సంతకం పెట్టేటప్పుడు వణికితే అది వేరే వణుకు, అదే చాలా ఎక్కువమందికి ఉండేది. పార్కిన్సన్స్ జబ్బుని జేమ్స్ పార్కిన్సన్ అనే డాక్టరు 1817లోనే వివరించాడు. డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు మెదడు లోతులో తగ్గిపోవడం వల్ల వస్తుంది. కొందరికి వణుకు ఉండనే ఉండదు, పనులు నెమ్మదించడం, అక్షరాలు చిన్నవైపోవడం, నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగకపోవడమే కనపడతాయి. వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో కలలకి చేతులూ కాళ్లూ విసరడం ఏళ్ల ముందే రావచ్చు. వాంతులకీ, కళ్లు తిరగడానికీ, మానసిక సమస్యలకీ వాడే కొన్ని మందులు కూడా ఇలాంటి లక్షణాలే తెస్తాయి, అందుకే మందుల చీటీ చూపించడం మర్చిపోవద్దు. పార్కిన్సన్స్‌కి ఇచ్చే లెవోడోపా వాడేవాళ్లకి మాత్ర వేళ తప్పితే శరీరం బిగుసుకుపోతుంది. వేరే జబ్బుకి ఆస్పత్రిలో చేరినా ఆ వేళలు నర్సుకి రాసివ్వండి.

మతిమరుపు వయసువల్లా, జబ్బువల్లా?

పేరు గుర్తురాక, సాయంత్రానికి గుర్తొస్తే వయసే. అడిగిన ప్రశ్ననే పది నిమిషాలకి మళ్లీ అడిగి, అడిగినట్టే తెలియకపోవడం, రోజూ వెళ్లే దారిలో తప్పిపోవడం, ఎప్పుడూ చూసుకునే లెక్కలు తప్పడం జబ్బు గుర్తులు. అన్నీ అల్జీమర్స్ కావు. బి12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్, ఇంతకుముందు చెప్పిన తలలో రక్తం చేరడం నయమయ్యేవి, వాటిని ముందు వెతకాలి. నిన్నటిదాకా బాగున్న పెద్దాయన ఇవాళ ఉన్నట్టుండి ఎక్కడున్నారో తెలియకుండా మాట్లాడుతుంటే అది మతిమరుపు జబ్బు కాదు. ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం, కొత్త మందు లాంటి కారణం ఉంటుంది, అదే రోజు చూపించాలి.

ఏ తలనొప్పికి పరుగెత్తాలి?

ఒక్క నిమిషంలోనే భరించలేనంతకి చేరిన నొప్పికి. జ్వరంతో మెడ బిగుసుకుపోయిన నొప్పికి. యాభై దాటాక కొత్తగా మొదలైనదానికి, చూపు తగ్గడమో చెయ్యి బలహీనపడటమో తోడైనదానికి. మిగతావాటిలో ఎక్కువ మైగ్రేన్, లేదా టెన్షన్ తలనొప్పి. నెలలో పది, పదిహేను రోజులు నొప్పి మాత్రలు వేసుకుంటుంటే ఆ మాత్రలే తలనొప్పిని పెంచుతాయి.

పక్షవాతం తర్వాత ఎంత కోలుకుంటారు? ఫిజియోథెరపీ ఎన్నాళ్లు?

మొదటి మూడు నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది, ఆరు నెలల దాకా బాగా కొనసాగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది గానీ ఆగిపోదు. బతికున్న మెదడు భాగాలు పోయినవాటి పనిని కొంత నేర్చుకుంటాయి. అలా నేర్చుకోవాలంటే ఒకే కదలికని వందలసార్లు చేయాలి. వారానికి రెండుసార్లు వచ్చే ఫిజియోథెరపిస్టు ఒక్కరే చేయగలిగింది కాదు, ఆయన చూపించింది ఇంట్లో రోజంతా జరగాలి.

చొక్కా వేయడమే చూడండి. మంచం అంచున పాదాలు నేలకి ఆనేలా కూర్చోబెట్టి, చొక్కాని ఒళ్లో పరవండి. బలం లేని చేతిని ముందు దూర్చాలి, భుజం దాకా లాగాక బాగున్న చెయ్యి. విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు, బలం లేనిది చివర. ఇదంతా మీరు చేసేస్తే రెండు నిమిషాలు, ఆయన చేత చేయిస్తే పావుగంట. ఆ పావుగంటే వ్యాయామం. లేపేటప్పుడు పడిపోయిన చేతిని పట్టుకునో, చంక కిందో లాగొద్దు. భుజం కీలు జారి, నెలల తరబడి నొప్పి పెడుతుంది. తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, గొంతు మామూలుగా ఉందో లేదో వినండి. నీళ్లు తాగాక గొంతు బొంగురుగా, తడిగా పలికితే ఆపి స్పీచ్ థెరపిస్టుకి చూపించండి.

దాదాపు మూడోవంతు మందికి డిప్రెషన్ వస్తుంది. బద్ధకం అనుకోవద్దు. దానికి మందులున్నాయి, అది తగ్గితే వ్యాయామం కూడా సాగుతుంది.

చూసుకునే మేమే అలిసిపోతున్నాం. ఏం చేయాలి?

రాత్రి తిప్పే వంతులు పంచుకోండి. ఒక్కరి మీదే వదిలేసిన ఇంట్లో ఆ ఒక్కరూ ముందు నడుం, తర్వాత నిద్ర, ఆ తర్వాత ఓపిక పోగొట్టుకుంటారు. వారానికి ఒక పూట వేరొకరికి అప్పగించి బయటికి వెళ్లండి. చుట్టాలు "ఏమైనా కావాలంటే చెప్పండి" అంటే, మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలు కూర్చోమని అడిగేయండి. మీకు రెండు వారాలుగా నిద్ర పట్టకపోతే, ఏడుపు ఆగకపోతే రోగిని చూసే డాక్టరుకే ఆ సంగతి చెప్పండి.

మళ్లీ రాకుండా ఆపగలమా?

పక్షవాతానికి అన్నిటికన్నా పెద్ద కారణం బీపీ. మాత్ర వేసుకుంటే బీపీ నార్మల్ వస్తుంది, నార్మల్ వచ్చిందని మాత్ర ఆపేస్తే మళ్లీ పెరుగుతుంది, దానికి లక్షణాలేవీ ఉండవు. పొగ మానాలి, షుగర్ అదుపులో ఉంచాలి. నాడి లయ తప్పి కొట్టుకుంటుంటే ఈసీజీ తీయించాలి. గుండెలో గడ్డలు కట్టి మెదడుకి వెళ్లేది చాలాసార్లు ఆ జబ్బులోనే, దానికి రక్తం పలుచన చేసే మందులు బాగా పనిచేస్తాయి. తల గాయాలకైతే బండి మీద వెనక కూర్చున్నవాళ్లకి కూడా హెల్మెట్ ఉండాలి, గడ్డం కింద పట్టీ బిగించి ఉండాలి. పెద్దవాళ్లున్న ఇంట్లో బాత్రూమ్‌లో పట్టుకోవడానికి గోడకి కడ్డీ, రాత్రి దారిలో చిన్న లైటు పెట్టించండి.